రెండు ఉద్యోగములు, ఒక మాట

యౌవనస్థులకును తల్లిదండ్రులకును అధ్యయన పాఠము

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 13:1-13, నిర్గమకాండము 31:1-6, 35:30-35, కీర్తనలు 15, లూకా 14:28-30



ప్రతి సంవత్సరము ఎండాకాలము ముగిసేసరికి మన సంఘములలో ప్రార్థన మనవులు మారుతాయి. "పరీక్షల కొరకు ప్రార్థించండి" అని చీటీ వ్రాసిన చేతులే "ఉద్యోగము కొరకు ప్రార్థించండి" అని వ్రాస్తాయి. మన తాతలు రైల్వే పనికో, గని పనికో, మిల్లు పనికో ఆంధ్ర దేశము విడిచి వచ్చారు. ఉద్యోగమును ఎంచుకొనే భాగ్యము వారికెక్కడిది? మేస్త్రీ ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్ళారు. ఈనాడు వారి మనుమలు, మనుమరాండ్రు ఇంజనీరింగు చదివి, ఒకేసారి రెండు కంపెనీల ఉత్తరములు చేత పట్టుకొని మన దగ్గరకు వస్తున్నారు. ఇది దేవుడు చేసిన మేలు. అయితే చేతిలో ఏమియు లేనప్పుడు ప్రార్థించుట మనకు తెలుసు గాని, రెండు ఉన్నప్పుడు ఎట్లు ప్రార్థించవలెనో మనము అంతగా నేర్చుకొనలేదు. ఈ పాఠము అందుకొరకే.

జరిగిన సంగతి

కొన్ని సంవత్సరముల క్రితము ఒక బుధవారము రాత్రి, ప్రార్థన కూటము ముగిసిన తరువాత, హోసూరులోని మా సంఘ సభ్యుడొకాయన తన కుమారుని వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చాడు. ఆయన ఒక చిన్న వర్కుషాపులో లేతు మిషను నడుపుతాడు. కుమారుడు మెకానికల్ ఇంజనీరింగు ఆ నెలలోనే ముగించాడు. చదువుకు బ్యాంకులో 3 లక్షల రూపాయల అప్పు ఉన్నది.

ఫిబ్రవరిలో కాలేజీకి వచ్చిన ఒక ఫ్యాక్టరీవారు ఆ అబ్బాయిని ఎంపిక చేశారు. అది హోసూరులోనే ఉన్నది. ప్రెస్సు టూల్సు, డైలు తయారుచేస్తారు. సంవత్సరమునకు 3,18,000 రూపాయలు. జూలై 1న చేరుతానని అబ్బాయి సంతకము చేసి ఉత్తరము తిరిగి ఇచ్చాడు. జూన్ మధ్యలో చెన్నైలోని ఒక సాఫ్టువేరు కంపెనీ నుండి ఇంకొక ఉత్తరము వచ్చింది. వారు ఎప్పుడో పరీక్ష పెట్టి, నెలల తరబడి ఏ మాటా చెప్పక ఊరకున్నవారు. వారు ఇచ్చేది 4,50,000 రూపాయలు.

"మాస్టారూ, ఇందులో ఆలోచించడానికి ఏముంది? లక్షా ముప్పై రెండు వేలు తేడా. వీడేమో రెండు రోజుల నుంచి సరిగా అన్నం తినడం లేదు. మీరైనా చెప్పండి" అన్నాడు తండ్రి.

అబ్బాయి తల వంచుకొని, "మాస్టారూ, వాళ్ళకు వస్తానని సంతకం పెట్టి ఇచ్చాను" అన్నాడు.

"సంతకం పెడితే ఏమైంది? అందరూ అలాగే చేస్తున్నారు" అన్నాడు తండ్రి.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. అందుకు ఒక కారణమున్నది. అది చెప్పుకొనుట మాకు సంతోషము కాదు గాని చెప్పవలసియున్నది.

1990ల తొలి సంవత్సరములలో ఇట్లే మరియొక యౌవనస్థుడు రెండు ఉత్తరములతో వచ్చాడు. ఒకటి మిషన్ల డిజైను చేసే చిన్న కంపెనీ. అతని మనస్సు దానిమీద ఉన్నది. రెండవది పెద్ద, పాత ఫ్యాక్టరీ. మేము పెద్దలమందరము ఏకముగా, "ఇది పర్మనెంటు ఉద్యోగము నాయనా, కళ్ళు మూసుకొని చేరు" అన్నాము. అతడు మా మాట విన్నాడు. కొన్ని సంవత్సరములకు ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటికి అతనికి పెండ్లి అయి ఇద్దరు పిల్లలు. చేతిలో ఉన్నది ఒకే ఒక పాత మిషను పని. అతడు ఎన్నడును మమ్మును నిందించలేదు. "పెద్దల మాట విన్నాను" అని మాత్రమే అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మా హృదయమును పొడుచుచున్నది.

కోలారు బంగారు గనులలో పెరిగిన మన కుటుంబములకు ఈ పాఠము బాగుగా తెలుసు. నూట ఇరవై సంవత్సరములు సాగిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. తండ్రి తరువాత కొడుకు అదే గనిలో దిగుతాడని నమ్మిన ఇండ్లవారు తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరుకు పనికి వెళ్ళవలసి వచ్చింది. పర్మనెంటు అను మాట మనుష్యులు చెప్పుకొనే మాట మాత్రమే.

అప్పటి నుండి "ఇది తీసుకో, అది వద్దు" అని చెప్పకూడదని మేము నిర్ణయించుకొన్నాము. బైబిలు, ఒక తెల్ల కాగితము, ఒక పెన్సిలు బల్లమీద పెట్టి వారితో కూడ కూర్చుంటాము. ఆ రాత్రి ఆ తండ్రీకొడుకులతో కూర్చొని మేము చూచిన నాలుగు సంగతులు ఇక్కడ వ్రాయుచున్నాము.

1. కన్నులెత్తి చూచినంత మాత్రాన చాలదు

ఆదికాండము 13లో ఒక యౌవనస్థుని ముందు రెండు దారులున్నవి. అబ్రాము కాపరులకును లోతు కాపరులకును జగడము వచ్చినప్పుడు, పెద్దవాడైన అబ్రాము తన హక్కును విడిచి, ముందుగా కోరుకొనుమని లోతుకే అవకాశమిచ్చెను. లోతు యొర్దాను మైదానమును చూచెను. అంతట నీళ్ళు, అంతట పచ్చిక. ఆ దిక్కుకే వెళ్ళెను.

ఇక్కడ మనము తొందరపడి లోతును తప్పు పట్టకూడదు. పశువులున్నవానికి నీరు కావలెను. నీరున్న చోటు కోరుట పాపము కాదు. అబ్రామును కూడ ధనవంతుడేనని అదే అధ్యాయము 2వ వచనములో ఉన్నది. గనుక పెద్ద జీతము అంటేనే శోధన అని, చిన్న జీతము అంటేనే పరిశుద్ధత అని మన పిల్లలకు నేర్పకూడదు. కొందరు ప్రసంగములలో అట్లు చెప్పుట మేము విన్నాము. అది వాక్యము చెప్పే మాట కాదు.

లోతు చేసిన పొరపాటు మరియొకటి. అతడు కన్నులతో చూచెను గాని రెండు ప్రశ్నలు అడుగలేదు. అక్కడ నివసించేవారు ఎట్టివారు? అక్కడ పది సంవత్సరములు ఉంటే నేనును నా ఇంటివారును ఎట్టివారమవుతాము? 13వ అధ్యాయములో అతని గుడారము సొదొమ దిక్కున ఉన్నది. 14లో అతడు ఊరిలోనే ఉన్నాడు. 19లో ఊరి గవినియొద్ద కూర్చున్నాడు. మనిషి ఒక్క రోజులో మారడు. చేరిన చోటు కొంచెము కొంచెముగా అతనిని మార్చుతుంది. కాబట్టి మొదటి ఉద్యోగము విషయములో "ఎంత ఇస్తారు?" అని ఒక్కసారి అడిగినచో "నన్ను ఎట్లు తయారుచేస్తుంది?" అని రెండుసార్లు అడుగవలెను.

2. కూర్చుండి లెక్క చూచుట

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు లూకా 14లో చెప్పెను. ఆయన చెప్పుచున్నది శిష్యత్వమును గూర్చి. అయినను అందుకు ఒక కట్టడపు లెక్కనే ఉపమానముగా తీసుకొనెను. లెక్క చూచుట అవిశ్వాసము కాదు. చూడకపోవుటయే తెలివితక్కువ.

కంపెనీ ఉత్తరములో పెద్ద అక్షరములతో ఉండే అంకెను సి.టి.సి. అంటారు. అది చేతికి వచ్చే జీతము కాదు. మనకొరకు కంపెనీకి అయ్యే మొత్తము ఖర్చు. అందులో కంపెనీ కట్టే ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, వైద్య బీమా, పని బాగుగా ఉంటే ఇచ్చే ప్రోత్సాహకము అన్నీ కలిపి చూపిస్తారు. గ్రాట్యుటీ సాధారణముగా 5 సంవత్సరములు ఎడతెగక పనిచేసినవారికే చేతికందుతుంది. ప్రోత్సాహకము రావచ్చు, రాకపోవచ్చు.

ఆ రాత్రి కాగితము మీద వేసిన లెక్క ఇది.

చెన్నై ఉద్యోగము: 4,50,000లో ప్రోత్సాహకము 45,000, కంపెనీ కట్టే పి.ఎఫ్., గ్రాట్యుటీ, బీమా కలిసి 39,000. ఇవి తీసివేస్తే 3,66,000. నెలకు 30,500. అందులో అబ్బాయి వంతు పి.ఎఫ్. 1,800, వృత్తి పన్ను సుమారు 200 పోగా చేతికి 28,500. చెన్నైలో హాస్టలు గదికి, భోజనమునకు 9,500; రాకపోకలకు 1,500; ఊరికి వచ్చిపోవుటకు, బట్టలకు, ఫోనుకు 3,000. మొత్తము 14,000. మిగిలేది 14,500.

హోసూరు ఉద్యోగము: 3,18,000లో కంపెనీ కట్టే పి.ఎఫ్., గ్రాట్యుటీ, బీమా 30,000. మిగతాది 2,88,000. నెలకు 24,000. అబ్బాయి వంతు పి.ఎఫ్., వృత్తి పన్ను పోగా చేతికి 22,000. ఇల్లు ఉన్నది. కంపెనీ బస్సు ఉన్నది. ఇంటిలో భోజనమునకు 4,500, తన ఖర్చులకు 3,500 అనుకొన్నా మిగిలేది 14,000.

తండ్రి ఆ కాగితము చేతిలోనికి తీసుకొని రెండుసార్లు కూడి చూచాడు. సంవత్సరమునకు 1,32,000 అని కనబడిన తేడా నెలకు 500 రూపాయలైనది. చెన్నైవారి ప్రోత్సాహకము పూర్తిగా వస్తే సంవత్సరమునకు మరియొక 45,000 కలుస్తుందని కూడ ఆయనకు చెప్పాము. లెక్కలో ఏ పక్షమునకును మోసము ఉండరాదు. రాబోయే సంవత్సరములలో ఏ జీతము త్వరగా పెరుగునో ఆ కాగితము చెప్పలేదని కూడ ఒప్పుకొన్నాము.

బ్యాంకు అప్పు సంగతి కూడ చూచాము. చదువు అప్పులకు సాధారణముగా చదువు ముగిసిన తరువాత ఒక సంవత్సరము వరకు వాయిదాలు కట్టనక్కరలేదు. అయితే ఆ కాలములో వడ్డీ నిద్రపోదు. 3 లక్షలను 7 సంవత్సరములలో తీర్చవలెనంటే, వడ్డీ పదిన్నర శాతము అనుకొంటే, నెలకు సుమారు 5,000 రూపాయలు. రెండు ఉద్యోగములలో దేనితోనైనను అది తీరుతుంది. ఈ మాట తెలిసిన తరువాత ఆ తండ్రి ముఖములో భయము కొంత తగ్గింది. అనేకసార్లు మనము తీసుకొనే నిర్ణయములు అత్యాశ వలన కాదు, లెక్క తెలియని భయము వలన.

3. ఎవరు నేర్పుదురు?

నిర్గమకాండము 31లో దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచి, లోహపు పని, రాతి పని, చెక్క పని చేయుటకు తన ఆత్మతో అతనిని నింపెను. చేతిపని నేర్పును దేవుడు ఎంత గౌరవించెనో చూడండి. 35వ అధ్యాయము 34వ వచనములో మరియొక మాట ఉన్నది. ఇతరులకు నేర్పే మనస్సును కూడ దేవుడే అతనికి ఇచ్చెను. అహోలీయాబుకును ఇచ్చెను. అంటే గుడారపు పని జరిగిన చోట నేర్పేవారు ఉన్నారు, నేర్చుకొనేవారు ఉన్నారు.

ఇంజనీరుకు కాలేజీ ఇచ్చేది అక్షరాభ్యాసము మాత్రమే. అసలు చదువు మొదటి మూడు సంవత్సరములలో, తనకంటె బాగుగా పని తెలిసినవాని ప్రక్కన నిలువబడినప్పుడు జరుగుతుంది. కాబట్టి ప్రతి ఉత్తరమును ముందు పెట్టుకొని ఈ ప్రశ్నలు అడగండి. నా పైన ఉండేవారెవరు? ఆయనకు ఆ పనిలో ఎంత అనుభవమున్నది? మొదటి ఆరు నెలలు నాచేత ఏమి చేయిస్తారు? నేను చేసిన పనిని ఎవరైనా దిద్దుతారా? రెండేండ్ల క్రితము చేరినవారు ఇప్పుడు ఏమి చేయుచున్నారు? వారపు సెలవు ఏ రోజు? చివరి ప్రశ్నలకు జవాబు కంపెనీ ఆఫీసులో కంటె, అక్కడ పనిచేసే కుర్రవాడొకడు టీ కొట్టు దగ్గర నిజముగా చెబుతాడు.

మా అబ్బాయి అడిగి తెలిసికొన్నాడు. ఫ్యాక్టరీలో మొదటి సంవత్సరము టూల్ రూములో ఒక సీనియరు కింద డ్రాయింగులు చదువుట, కొలతలు తీయుట, విరిగిన డై ఎందుకు విరిగిందో కనుగొనుట. సాఫ్టువేరు కంపెనీలో మూడు నెలలు శిక్షణ. తరువాత ఏ ఊరిలో, ఏ పనిలో వేస్తారో ముందుగా చెప్పలేమన్నారు. కొందరికి మంచి ప్రాజెక్టు వస్తుంది, కొందరు పని లేక నెలల తరబడి కాచుకొని ఉంటారు. సాఫ్టువేరు పని తక్కువదని మేము చెప్పుటలేదు. దానిలో ఎంతో ఎదిగిన మన పిల్లలున్నారు. అయితే ఈ అబ్బాయి చిన్ననాటి నుండి తండ్రి లేతు ప్రక్కన నిలువబడి ఇనుము చెక్కుట చూచినవాడు.

మొదట నేర్చిన పని ఏదియు వ్యర్థము కాదనుటకు మన తెలుగు బాప్టిస్టు చరిత్రలోనే సాక్ష్యమున్నది. ఒంగోలులో సేవ చేసిన జాన్ క్లౌ దొరగారు మిషనెరీ కాకముందు యౌవనములో అమెరికాలో భూములు కొలిచే సర్వే పని నేర్చినవారు. 1876-78 సంవత్సరముల గొప్ప కరవులో జనులు ఆకలితో చనిపోవుచుండగా, ఆయన బకింగుహాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకపు పని కంట్రాక్టుగా తీసుకొని వేలమందికి కూలి, కూడు కల్పించారు. కూటికొరకు క్రైస్తవులైనారను మాట రాకూడదని ఆ కాలములో బాప్తిస్మములు నిలిపివేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మనమందరము ఎరుగుదుము. ఆ కాలువ గట్టున సర్వే పని తెలిసిన చేయి లేకపోతే ఎంతమంది ప్రాణములు నిలిచేవో ప్రభువునకే తెలుసు. యౌవనములో నేర్చిన పనిని దేవుడు ఎక్కడ వాడుకొనునో ముందుగా మనకు తెలియదు. గనుక బాగుగా నేర్చుకొనుట మన వంతు.

4. సంతకమునకు ముందు చదువుట, సంతకము తరువాత నిలుచుట

సంతకమునకు ముందు ఉత్తరమును మొదటి నుండి చివరి వరకు చదవండి. బాండు ఉన్నదా? ఎన్ని సంవత్సరములు? మధ్యలో మానితే ఎంత కట్టవలెను? బాండ్లు ఏవియు కోర్టులో నిలువవని కుర్రవాళ్ళు ఒకరితో ఒకరు చెప్పుకొంటారు. అది నిజము కాదు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో, 3 సంవత్సరములు నిండకముందే మానినవారు 2 లక్షల రూపాయలు కట్టవలెనన్న షరతు చెల్లుతుందని తీర్పు చెప్పింది. ప్రతి బాండూ అట్లే నిలుస్తుందని అర్థము కాదు గాని, తేలికగా తీసుకొనుటకు వీలులేదు.

ఇచ్చేది ఉద్యోగమా, అప్రెంటిసు శిక్షణా అని చూడండి. 1961 అప్రెంటిసుల చట్టము ప్రకారము అప్రెంటిసు శిక్షణ పొందేవాడే గాని ఉద్యోగి కాడు. ఒప్పందములో వ్రాసి ఉంటే తప్ప, శిక్షణ ముగిసిన తరువాత ఉద్యోగము ఇచ్చి తీరవలెనను నియమము లేదు. జీతము ఆ కంపెనీయే ఇచ్చునా, మధ్యలో కాంట్రాక్టరు ఇచ్చునా? ప్రొబేషను ఎన్ని నెలలు? మానదలచినచో ఎన్ని రోజుల ముందు చెప్పవలెను? ఉద్యోగమిచ్చుటకు ఎవరైనా డిపాజిట్టు అని, శిక్షణ ఫీజు అని డబ్బు అడిగితే అది ఉద్యోగము కాదు, వల. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇచ్చి వదలివేయకండి. ఆలోచించుకొనుటకు వారము రోజులు గడువు కావలెనని మర్యాదగా అడుగుట తప్పు కాదు; అడగక తొందరపడి సంతకము పెట్టుటయే తరువాత చిక్కులు తెస్తుంది.

ఇంత చూచిన తరువాత సంతకము పెడితే అది మన మాట. 15వ కీర్తనలో దేవుని గుడారములో ఉండదగినవాడు ఎవడో దావీదు చెప్పుచున్నాడు. అతని గుణములలో ఒకటి, తానిచ్చిన మాటవలన తనకే నష్టము వచ్చినను దానిని వెనుకకు తీసుకొనకపోవుట. లాభము వచ్చేటప్పుడు మాట నిలుపుకొనుట అన్యజనులకును తెలుసు. నష్టము వచ్చేటప్పుడే విశ్వాసి సంతకము విలువ తెలిసేది.

"అందరూ అలాగే చేస్తున్నారు" అన్న ఆ తండ్రి మాట నిజమే. కంపెనీలు కూడ ఉత్తరములు ఇచ్చి నెలలు గడిపి, కొన్నిసార్లు రద్దు చేస్తున్నవి. అయితే వారి అలవాటు మనకు వాక్యము కాదు. ఇంకొక సంగతి ఆ అబ్బాయే చెప్పాడు. "మాస్టారూ, నేను వెళ్ళకపోతే వచ్చే సంవత్సరము వాళ్ళు మా కాలేజీకి రాకపోవచ్చు. జూనియర్లలో మన సండే స్కూలు పిల్లలే ఇద్దరున్నారు." ఆ మాటకు తండ్రి ఏమియు అనలేదు.

మరి మాట ఇచ్చినవాడు ఎట్టి పరిస్థితిలోనైనా కట్టుబడియే ఉండవలెనా? ఇంటిలో పెద్ద జబ్బు రావచ్చు. కంపెనీ చెప్పిన షరతులు మార్చవచ్చు. పనిలో అన్యాయము చేయమనవచ్చు. అటువంటప్పుడు దాచకుండ, చేరవలసిన తేదీకి ముందుగానే, నిజమైన కారణము వ్రాసి, విడుదల కోరవచ్చు. విడుదల అడుగుట వేరు, ముఖము చాటువేయుట వేరు. ఫోను ఎత్తకుండ మానివేయుట, రెండు చోట్ల సంతకము పెట్టి చివరి రోజున తేల్చుకొనుట, ఒక వారము చేరి పారిపోవుట మన పిల్లలకు తగదు.

ఆ రాత్రి మేము ప్రార్థించి వారిని పంపివేశాము. ఏది ఎంచుకొనవలెనో చెప్పలేదు. మూడవ రోజున అబ్బాయి చెన్నై కంపెనీకి కృతజ్ఞతలు తెలిపి, ఇంతకు ముందే ఒకరికి మాట ఇచ్చినందున రాలేనని ఉత్తరము వ్రాశాడు. జూలై 1న ఫ్యాక్టరీలో చేరాడు.

తరువాత ఏదో అద్భుతము జరిగిందని మేము వ్రాయుటలేదు. అతని స్నేహితులలో కొందరు ఇప్పుడు అతనికంటె ఎక్కువ సంపాదిస్తున్నారు. ఆ తండ్రి అప్పుడప్పుడు ఆ తేడా లెక్క వేస్తూ ఉంటాడు. మేము ఆయనను తప్పు పట్టము. బ్యాంకు వాయిదా నెలనెలా వెళ్తున్నది. అబ్బాయి చేతిగోళ్ళలో నూనె మరక ఉంటుంది. ఒక ఆదివారము ఆరాధన తరువాత, విరిగిన డై ఒకటి ఎందుకు విరుగుచున్నదో తానే కనుగొన్నానని మాతో చెప్పినప్పుడు, ఆ ముఖములోని సంతోషము జీతములో లెక్కకు రానిది.

మరియొక కుమార్తె సంగతి

ఈ పాఠము చిన్న జీతమునే ఎంచుకొమ్మని చెప్పుచున్నదని ఎవరును అనుకొనకుండునట్లు మరియొక సంగతి చెప్పవలెను. ఆ మరుసటి సంవత్సరము మా సంఘములోనే ఒక చెల్లెలికి కూడ ఇట్లే రెండు ఉత్తరములు వచ్చినవి. తండ్రి లేడు. ఆయన వైద్యమునకు చేసిన అప్పు తల్లిమీద ఉన్నది. ఒకటి ఊరిలోనే కాలేజీ ల్యాబులో ఉద్యోగము; ఇంకొకటి చెన్నైలో, దానికి రెట్టింపు జీతముతో సాఫ్టువేరు ఉద్యోగము. ఆమె ఎవరికీ ఇంకా మాట ఇవ్వలేదు. ప్రోగ్రాములు వ్రాయుట ఆమెకు ఇష్టము. "ఆడపిల్ల అంత దూరము ఎందుకు?" అని బంధువులు అన్నారు. అదే కాగితము, అదే పెన్సిలు, అవే ప్రశ్నలు. చెన్నై వెళ్ళుటయే సరియని ఆమెకు తోచింది. మేము సంతోషముగా ప్రార్థించి పంపించి, అక్కడి తెలుగు సంఘ కాపరిగారికి పరిచయ ఉత్తరము ఇచ్చాము. ఇప్పుడు ఆమె తల్లి అప్పు చాల వరకు తీరింది. ఆమె అక్కడ సండే స్కూలులో చిన్నపిల్లలకు తెలుగు అక్షరములు కూడ నేర్పుచున్నది.

ప్రశ్నలు ఒకటే. జవాబులు వేరు. ఎందుకనగా దేవుడు బెసలేలును పిలిచినట్లు ఒక్కొక్కరిని పేరుపెట్టి పిలుచును.

పెద్దలకును తల్లిదండ్రులకును ఒక మాట

అబ్రాము పెద్దవాడై యుండియు ఎంచుకొనే హక్కును చిన్నవానికి ఇచ్చెను. లోతు తప్పుగా ఎంచుకొన్నప్పుడు అతనిని విడిచివేయలేదు. 14వ అధ్యాయములో అతనిని విడిపించుటకు తానే వెళ్ళెను. పెద్దరికమంటే ఇదే. పిల్లల బదులు మనము ఎంచుకొనుట కాదు. లెక్క చూచుటలో తోడుండుట, మాట నిలుపుకొనుటలో బలపరచుట, పొరబడితే వెళ్ళి పట్టుకొనుట. వారి జీతము అంకెను కల్యాణ మండపములో నలుగురిలో చెప్పుకొనుటకు వాడకండి. "ఫలానావారి అబ్బాయికి ఇంత" అని ఇంటిలో అనిన ప్రతి మాట, చేతిలో పెన్ను పట్టుకొన్న పిల్లవానిని సొదొమ వైపు ఒక అడుగు తోస్తుంది.

చర్చించుటకు ప్రశ్నలు

1. లోతు నీళ్ళున్న చోటు కోరుటలో తప్పేమి? తప్పు కానిదేమి?
2. మీ ఇంటిలో ఉద్యోగ నిర్ణయము ఏ భయము వలన జరిగింది? ఆ భయమును కాగితము మీద లెక్క వేసి చూచితిరా?
3. మీ మొదటి ఉద్యోగములో మీకు పని నేర్పినవారెవరు? వారికొరకు దేవునికి కృతజ్ఞత చెల్లించండి.
4. నష్టము వచ్చినను మీరు నిలుపుకొన్న మాట, నిలుపుకొనలేకపోయిన మాట ఏవి?
5. ఈ సంవత్సరము చదువు ముగించుచున్న మీ సంఘ పిల్లలతో కూర్చొనుటకు ఏ ఇద్దరు పెద్దలను ఏర్పాటు చేయుదురు?

ప్రార్థన

ప్రభువా, కూలి పనికి వచ్చిన మా తాతలను నీవు విడువలేదు. రెండు దారుల మధ్య నిలిచియున్న మా పిల్లలను విడువకుము. వారికి చూచే కన్నులతో పాటు అడిగే నోరును, లెక్క చూచే ఓపికను, మాట తప్పని మనస్సును దయచేయుము. మేము వారికి తప్పు ఆలోచన చెప్పిన దినములను క్షమించుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.